చెంచమ్మ బయట కూర్చున్న రోజులు

"ఈ పిల్లకి ఏదో కాబోతా ఉండాది. నా మాట గుర్తుపెట్టుకో," అన్నాను మా ఆయనతో.

అప్పటికి ఇంకా ఏమీ కాలేదు. మా చెంచమ్మ దోణి దిగి, ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకొని రేవు నుంచి నడిచి వస్తా ఉంది, అంతే. దారిలో ఎదురైనవాళ్ళతో నవ్వుతా మాట్లాడతా వస్తా ఉంది.

మా ఆయన ముత్యాలయ్య వల బాగుచేసుకుంటా తల ఎత్తలేదు. "నవ్వే బిడ్డను చూసి ఏడిచేదానివి నువ్వొక్కదానివేమే. నీకు ఎండాకాలంలో గూడా తుపానే కనబడతాది," అన్నాడు.

ఆయనకేం, ఎన్నైనా అంటాడు. నేను మిషను బడిలో నాలుగో తరగతి దాకా చదివినాను. చదివిన దానివల్ల నాకు వచ్చిన లాభమేమంటే, ఒక కీడు బదులు నాలుగు కీడులు తలుచుకోవడం.

అది అరవై ఆరో సంవత్సరం, శివరాత్రి వెళ్ళిన మర్నాడు. మా అల్లుడు చిన్నపోలయ్య ఆ పొద్దే మద్రాసు కాశిమేడుకు పోయినాడు, అక్కడ కొత్తగా వచ్చిన మోటారు పడవల మీద పనికి. ఆరు నెలలకు గానీ రాడు. వాళ్ళ కుప్పం, మాలాగే చేపలు పట్టేవాళ్ళ పల్లె, పులికాటు సరస్సుకు అవతల ఒడ్డున ఉంది. మొగుడు లేకుండా పిల్ల ఇక్కడెందుకు, తల్లి దగ్గర ఉంటాదిలే అని అత్తగారే పంపించింది. అందుకే పంపించిందా, ఇంకేమన్నా మాట జారి పంపించిందా అని నాకు లోపల పీకతానే ఉంది. పెళ్ళై మూడేళ్ళు. రెండేళ్ళ కిందట ఒకసారి నీళ్ళోసుకొని మూడో నెలలో పోగొట్టుకుంది. మళ్ళీ లేదు. అత్తగారు ఎన్నాళ్ళు ఊరుకుంటాది?

వచ్చిన నాలుగో రోజు తెల్లారుతూనే చెంచమ్మ చాప చంకన పెట్టుకొని పెరట్లో ఇంటి గోడకి ఆనించి దించిన తాటాకు చాపు కిందికి పోయింది.

"అమా, నేను బయటున్నా," అనింది.

మా ఇళ్ళల్లో వలలు ఉంటాయి. ముట్టయిన ఆడది వల దాటితే ఆ వలకి చేప పడదంటారు. అందుకని ఆ మూడు రోజులూ ఇంట్లోకి రాకూడదు. పొయ్యి ముట్టకూడదు, చేపల బుట్ట ఎత్తకూడదు, రేవుకు పోయే దారి తొక్కకూడదు. చాప, చెంబు, గిన్నె వేరే. నాలుగో రోజు తలకి పోసుకొని లోపలికి వస్తాం. కుప్పంలో పెరళ్ళకు గోడలు లేవు కాబట్టి ఏ ఇంట్లో ఎవురు ఎప్పుడు బయటున్నారో అందరికీ తెలుసు. మా పక్కింటి ముసలమ్మకైతే అందరికంటే ముందు తెలుసు.

"అల్లుడు పొయ్యి నాలుగు రోజులే, అప్పుడే బయట చేరిందా? ఈ నెల గూడా వట్టిదే పోయిందన్నమాట," అనింది ముసలమ్మ కంప మీద నుంచి మెడ చాపి.

"నీకెందుకత్తా?" అన్నాను గానీ నాకూ అదే దిగులు.

ఆ మూడు రోజులూ చెంచమ్మ పొద్దస్తమానం పడుకొనే ఉంది. నేను దూరం నుంచి అన్నం పెడితే సగం తినేది, సగం కాకులకి వేసేది. నాలుగో రోజు లేచి తలకి పోసుకొని, ఏమీ ఎరగనట్టు పనిలోకి వచ్చింది.

మా పని ఏమంటే, మా ఆయన తెచ్చిన రొయ్యలు ఉడకబెట్టి ఇసకలో ఆరబోసి, ఎండినాక పొట్టు దులపడం. పుట్టినప్పటి నుంచి చెంచమ్మ ఆ వాసనలోనే పెరిగింది. ఆ వాసన మాకు వాసనే కాదు. అట్టాంటి పిల్ల, రొయ్యల కాగు పొయ్యి మీద పొంగతా ఉంటే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. నేను చూసినాను. ఇంకో నాడు కాగు దించమంటే దించి, పరిగెత్తి పోయి కంప అవతల కక్కింది.

"ఏందే?"

"ఎండమా. ఎండ తగిలింది."

మొయిలు కమ్ముకొని చల్లగా ఉన్న పొద్దది. ఎండ ఎక్కడిది?

మొదట నేను కామెర్లనుకున్నాను. కింది రెప్ప లాగి చూసినాను, గోళ్ళు చూసినాను. పచ్చగా లేవు, తెల్లగా ఉన్నాయి. రక్తం లేదేమో, క్షయ జబ్బేమో అనుకున్నాను. ఇంకో ఆలోచన రాలేదు. ఎట్టా వస్తాది? కళ్ళ ముందర బయట కూర్చున్న పిల్ల.

ఉగాది వచ్చింది. పండగ తెల్లారే చెంచమ్మ మళ్ళీ చాప తీసుకుంది.

"ఈ పొద్దా? పండగ పూటా?" అన్నాను.

"నా చేతిలో ఉందా?" అనింది మొఖం చూడకుండా.

వీధి వీధంతా పచ్చడి పంచుకుంటా ఉంటే మా పిల్ల పెరట్లో ఒక్కతే గోడకి తిరిగి పడుకొని ఉంది. వచ్చినవాళ్ళంతా చూసినారు. "అయ్యో పాపం, పండగపూట," అన్నారు. ముసలమ్మ తన పచ్చడి గిన్నె తెచ్చి దూరం నుంచే ఆకులో జార్చింది. చెంచమ్మ మామిడిముక్కలు మాత్రం ఏరుకొని తిని, ఆకును నాకింది. అంత పుల్లటివి ఒక్క ముక్క మిగల్చకుండా తినింది. అప్పుడైనా నాకు తట్టద్దా? తట్టలేదు.

అది అయిన వారానికి మునెయ్య సంగతి నా కంట పడింది.

మునెయ్య గూడూరు నుంచి సైకిలు మీద ఐసుపెట్టె కట్టుకొని వచ్చి పచ్చి రొయ్యలు కొనుక్కొని పోతాడు. ముప్ఫై ఏళ్ళవాడు, క్రాపు, చేతికి గడియారం. అందరితో వేళాకోళాలాడతాడు. ఒక పొద్దు నేను నీళ్ళకి పోయి వస్తా ఉంటే, మా ఇంటి వెనకాల సైకిలు ఆపి, చెంచమ్మ చేతిలో ఏదో కాగితం పొట్లం పెట్టినాడు. ఆ పిల్ల గబుక్కున కొంగులో ముడేసుకుంది.

"ఏందే అది?"

"ఏం లేదు."

"ఏం లేనిది కొంగులో ఎందుకు ముడేసినావు?"

"నిమ్మకాయలమా. రెండు నిమ్మకాయలు."

"నిమ్మకాయలు దాచుకోవాల్నా?"

చెంచమ్మ చాట తీసుకొని రొయ్యల దగ్గరికి పోయింది. ఆ రాత్రి నాకు కంటి మీద కునుకు పడలేదు. మా ఆయన్ని లేపితే, "నిమ్మకాయ దొంగని రేపు పట్టుకుందాంలే," అని అటు తిరిగి పడుకున్నాడు.

మరునాడు ముసలమ్మ పేలు చూడమని వచ్చి నా ముందర కూర్చుంది. తల నా చేతిలో పెట్టి, కళ్ళు మాత్రం చెంచమ్మ మీదే పెట్టింది. చెంచమ్మ ఇసకలో రొయ్యలు తిరగేస్తా ఉంది. వంగి లేచినప్పుడల్లా నడుం మీద చెయ్యి పెట్టుకుంటా ఉంది.

"కామాక్షీ, నీ కూతురు నీళ్ళోసుకుందే."

"నీ నోట్లో... ఉగాదినాడు బయటుంటే పచ్చడి వేసింది నువ్వే కదా అత్తా!"

"వేసినా. అందుకే చెప్తా ఉండా. ఆరుగుర్ని కన్నా నేను. ఆ మొఖం చూడు, ఆ మెడ దగ్గర నలుపు చూడు. రవిక బిగుసుకుపోతా ఉండాది. కాదను, నా తల గొరిగించుకుంటా." చేతివేళ్ళు మడిచి, మళ్ళీ అనింది. "అల్లుడు పోయింది శివరాత్రి మర్నాడు. పిల్ల బయటుండింది ఆ తర్వాత ఒకసారి, ఉగాదికి ఒకసారి. మరి ఇదెప్పటిది?"

నా చేతిలో ఆమె తల ఉంది. ఆ తలను అక్కడే నేలకేసి కొట్టాలనిపించింది. ఎందుకంటే ఆ లెక్క నాకంతకు ముందే తెలిసినట్టు అనిపించింది.

"నీ పాపిష్టి లెక్క నువ్వే పెట్టుకో. ఈ మాట బయట అంటివంటే చూడు," అన్నాను.

"నేనెందుకంటానమ్మా. కడుపే అంటాది," అని లేచిపోయింది.

అప్పటి నుంచి నేను కాపలా కాసినాను. బిడ్డకి కాపలా కాదు, బిడ్డ మీద కాపలా. మునెయ్య సైకిలు గంట వినబడితే ముందు నేనే బయటికి పోయేదాన్ని. వైశాఖం వచ్చింది. బయట చేరాల్సిన రోజు పోయింది, మూడు రోజులు పోయినాయి, వారం పోయింది. ఈసారి చెంచమ్మ చాప ముట్టలేదు.

కుప్పంలో ఇట్టాంటిది బయటపడితే ఏమవుతాదో నాకు తెలుసు. పెద్దలు కూర్చొని దురాయి వేస్తారు. దురాయి పడిన ఇంటికి నిప్పు ఇయ్యరు, నీళ్ళు తోడనియ్యరు, ఆ ఇంటి మొగోణ్ణి దోణి ఎక్కనియ్యరు. అవతల అత్తగారు పిల్లని గడప తొక్కనియ్యదు. అల్లుడు మంచోడే గానీ, కుప్పమంతా వేళ్ళు మడిచి లెక్క చెప్తే ఎంత మంచోడైనా ఏం చేస్తాడు?

ఒక మధ్యాహ్నం మా ఆయన సరస్సు మీదికి పోయినాక తలుపు దగ్గరికి వేసి చెంచమ్మని అడిగినాను. ఎట్టా అడగాలో ఎన్నోరకాలుగా అనుకున్నాను. చివరకి నోట్లోంచి వచ్చింది ఒకటే మాట.

"ఎవురిదే?"

చెంచమ్మ నా వైపు చూసింది. మొదట అర్థం కానట్టు చూసింది. తర్వాత అర్థమయింది. ఆ అర్థమవడం నేను చూసినాను. చేతిలోని చాట కింద పెట్టింది. నోరు తెరిచింది. మళ్ళీ మూసుకుంది. అంతే, ఆ మూసుకున్న నోరు నాతో మళ్ళీ తెరవలేదు.

కొడితే ఏడవలేదు. అవును, కొట్టినాను. బతిమాలితే పలకలేదు. కాళ్ళు పట్టుకోబోతే లేచి అవతలికి పోయింది. పని చేసేది, తినేది, వాళ్ళ నాయనతో రెండు మాటలు మాట్లాడేది. నాతో లేదు. తప్పు లేనిదైతే చెప్పదా అని నా లోపల ఒకటే మాట. చెప్పకపోవడమే సాక్ష్యమనుకున్నాను.

మా ఆయన గమనించి, "తల్లీకూతుళ్ళు మాట్లాడుకోకపోతే ఇల్లు ఎంత చల్లగా ఉండాదో," అని నవ్వినాడు. ఆయనకి చెప్పలేదు. చెప్తే ఆ మునెయ్యని ఏం చేస్తాడో అని భయం.

తొమ్మిదో రోజు పొద్దున్నే, "కడుపునొప్పి అంటా ఉండాది, వాకాడులో రెబెక్కమ్మకి చూపించుకొస్తా," అని ఆయనకి అబద్ధం చెప్పి చెంచమ్మని బయలుదేరదీసినాను. చెంచమ్మ ఎందుకని అడగలేదు. కాలవ పడవలో కూర్చున్నంతసేపూ నీళ్ళ వైపే చూసింది. పడవ దిగి బండి ఎక్కినాం. గతుకు వచ్చినప్పుడల్లా రెండు చేతులూ కడుపు కింద పెట్టుకుంది. ఆ చేతులు చూసి కూడా నాకు బుద్ధి రాలేదు.

రెబెక్కమ్మ నాతో మిషను బడిలో చదివింది. నేను నాలుగుతో ఆగిపోతే ఆమె పైకి చదివి మంత్రసాని శిక్షణకు పోయింది. ఇంటి ముందర వసారాలో ఒక బల్ల, ఒక తెర, కిరసనాయిలు పొయ్యి మీద సూదులు ఉడికే గిన్నె. చుట్టుపక్కల పదూళ్ళ బిడ్డలు ఆ చేతిలోనే పడినారు.

చెంచమ్మని బల్ల మీద కూర్చోబెట్టి, రెబెక్కమ్మని పెరట్లోకి పిలిచి, చెవిలో చెప్పినాను. అంతా చెప్పినాను. చివర్లో, "ఏదన్నా మందియ్యక్కా. తెలిసేలోపల పోయే మందు," అన్నాను.

రెబెక్కమ్మ నా చెయ్యి విదిలించింది.

"ఆ పని నేను చెయ్యను కామాక్షీ. నీకోసం గూడా చెయ్యను. ఆ మాట ఇంకోసారి నా వాకిట్లో అనొద్దు. ముందు ఆ పిల్లని చూడనీ."

"చూసేదేముంది?"

"చూడకముందే తెలిసిపోయే తెలివి నీకే ఇచ్చినాడు దేవుడు. నాకు ఇయ్యలేదు. పో, తెర బయట కూర్చో."

తెర బయట కూర్చుని చెవులు లోపల పెట్టినాను. వాంతులు ఎప్పటి నుంచి, తల తిరుగుతా ఉందా, ఒంటికి మాటిమాటికీ పోవాల్సి వస్తా ఉందా అని రెబెక్కమ్మ అడుగుతా ఉంది. చెంచమ్మ "ఊ" అని, "ఊహూ" అని జవాబిస్తా ఉంది. తొమ్మిది రోజుల తర్వాత ఆ గొంతు ఇంత దగ్గరగా విన్నాను.

"కొంగులో ఇదేంది? నిమ్మతొక్కా?" రెబెక్కమ్మ నవ్వు వినబడింది. "కక్కొచ్చినప్పుడు వాసన చూస్తావా? మంచి పనే. పొద్దున లేస్తూనే రెండు మరమరాలు నమిలి తర్వాత నీళ్ళు తాగు, ఇంకా తగ్గుతాది. పడుకో. కాళ్ళు మడుచుకో."

బల్ల కిర్రుమనింది. తర్వాత రెబెక్కమ్మ తెర పక్కకి లాగింది.

"కామాక్షీ, ఇట్టా రా. పొత్తికడుపు కింది ఎముక పైన నాలుగు వేళ్ళ ఎత్తున చేతికి తగులుతా ఉండాది. గట్టిగా, గుండ్రంగా. మూడు నెలలు నిండినాయి. నాలుగో నెల నడస్తా ఉండాది."

"లేదు," అన్నాను.

"ఏంది లేదు?"

"నీ చెయ్యి పొరపాటు పడిందిలే. నాలుగో నెల ఎట్టవుతాది?"

"నేను చేత్తో చూసి చెప్తా ఉండా, నువ్వు చెవుల్తో విని కాదంటావే! నాలుగో నెలంటే మాఘంలో పడినది. అల్లుడు అప్పుడు ఇంట్లోనే ఉన్నాడు కదా? ఇంకేం కావాలి నీకు? నెత్తిన పాలు పోసినట్టు చెప్తే లేదంటావు!"

నాకు పాలు పోసినట్టు లేదు. నాకు ఆ సంతోషాన్ని నమ్మే అలవాటు లేదు.

"అక్కా, మాఘం తర్వాత రెండుసార్లు బయటుండింది. ఫాల్గుణంలో ఒకసారి, ఉగాదినాడు ఒకసారి. మా వీధంతా చూసింది. మూడు మూడు రోజులు. నేనే అన్నం పెట్టినా."

రెబెక్కమ్మ మొఖంలో నవ్వు పోయింది. నా వైపు కాదు, చెంచమ్మ వైపు తిరిగింది.

"రెండుసార్లు రక్తం పోయిందా నీకు? ఈ కడుపుతోనా?"

అప్పటి దాకా ఆ మాట నాకు తట్టనే లేదు. నేను ఒక భయానికి కాపలా కాస్తా ఉంటే ఇంకో భయం నా వెనకాల నుంచి ఇంట్లోకి వచ్చి కూర్చుంది. పోయినసారి కూడా అట్టనే మొదలయింది. మొదట కొంచెం కనబడింది, తర్వాత పోయింది. ఈ బిడ్డని చంపే మందు అడిగింది నేనే, అది కూడా ఇప్పుడే, ఈ పెరట్లోనే.

"చెప్పమ్మా," అనింది రెబెక్కమ్మ. "మచ్చలాగా కనబడిందా? గుడ్డ తడిసేటంత పోయిందా? నొప్పి వచ్చిందా? నువ్వు చెప్పేదాన్ని బట్టే నేను నిన్ను ఇంటికి పంపాల్నో, ఇప్పటికిప్పుడు బండి కట్టించి నెల్లూరు పెద్దాసుపత్రికి పంపాల్నో ఉంటాది. సిగ్గుపడేదేముంది?"

చెంచమ్మ లేచి కూర్చుంది. చీర సర్దుకుంది. తల వంచుకొని తన కాళ్ళ వైపు చూసుకుంటా ఉంది.

రెబెక్కమ్మ తొందరపెట్టలేదు. ఆమెకి ఆడవాళ్ళ మౌనం అలవాటు. ఒక ముక్కాలి పీట లాక్కొని ఎదురుగా కూర్చుంది. గిన్నెలో నీళ్ళు ఉడికి ఉడికి తగ్గిపోతే లేచి చెంబుతో పోసి వచ్చి మళ్ళీ కూర్చుంది. బయట బండివాడు, "అమ్మా, పోదామా, ఎద్దులు మేతకి గుంజతా ఉండాయి," అని కేకేసినాడు. నాకు ప్రార్థన గూడా సరిగ్గా రాలేదు. మా పోలేరమ్మకి మొక్కినానో, రెబెక్కమ్మ గోడ మీది ఏసుపటానికి మొక్కినానో నాకే తెలియదు.

బండివాడు రెండోసారి కేకేసి, తిట్టుకొని, ఎద్దుల్ని విప్పి తోలుకుపోయినాడు. వాటి మువ్వలు దూరమయ్యేదాకా చెంచమ్మ అట్టనే కూర్చుంది.

"రాలేదక్కా," అనింది.

"ఏంది రాలేదు?"

"ఏమీ రాలేదు. మాఘంలో తలకి పోసుకున్నాక ఒక్క చుక్క గూడా రాలేదు. ఊరికే పొయ్యి కూర్చున్నా."

రెబెక్కమ్మ గట్టిగా ఊపిరి వదిలింది. "రెండుసార్లూ?"

"రెండుసార్లూ. రోజు లెక్క చూసుకొని పోయినా. ఆ మూడు రోజులైతే కాగు ఎత్తక్కర్లేదు. ఆ వాసన ఉండదు. పడుకుంటే ఎందుకు పడుకున్నావని ఎవురూ అడగరు. ఇంకెప్పుడు పడుకోనిస్తారు మమ్మల్ని?"

"మరి మూడోసారి?"

"అప్పటికి ఈమె నన్ను చూసే చూపు చూసినా. పోవాలనిపించలేదు."

"చెప్పుంటే సరిపోయేది కదే, వెర్రిదానా," అనింది రెబెక్కమ్మ మెల్లగా. "మీ అమ్మ నిన్ను పడుకోబెట్టి ఉండేది."

"పోయినసారి చెప్పినా. రెండో నెలలోనే చెప్పినా. చెప్పిన రోజు నుంచి పోతాది, పోతాది అని నా ముందర కూర్చొని ఏడిచింది. నిద్రలో లేపి, గుడ్డ తడిసిందేమో చూసుకోమనేది. తాయెత్తులు కట్టింది. కుప్పమంతా తిరిగి నా బిడ్డకి ఏం కాకుండా చూడండని చెప్పింది. నాకు నవ్వేదానికి గూడా భయమేసింది. ఈసారి నాలుగో నెల దాటేదాకా నేనూ నా కడుపూ తప్ప ఎవురికీ తెలియకూడదనుకున్నా. ఆయనకి గూడా చెప్పలేదు."

నాకు ఏడవడానికి కూడా మొఖం లేదు. అక్కడే, ఆ బల్ల కాలి దగ్గర, నేల మీద కూర్చున్నాను.

చెంచమ్మ బల్ల దిగింది. కొంగు విదిలించి భుజాన వేసుకుంది. నా దగ్గరికి వచ్చి నిలబడింది. తొమ్మిది రోజుల తర్వాత మొదటిసారి నా మొఖంలోకి చూసింది.

"ఆయనదేమా," అనింది. "నువ్వు అడిగినావు కదా. ఆయనదే."